షుగర్ పుండుకు గ్రోత్ ఫ్యాక్టర్ జెల్: 50కీ 35కీ మధ్య

పాదం మీద ఎనిమిది వారాలు దాటినా మానని పుండు. మనిషికి షుగర్ ఉంది, అరికాలికి స్పర్శ లేదు, కాలికి రక్తం మాత్రం బాగానే అందుతోంది. అమెరికాలో ఇలాంటి 382 మందిని మూడు గుంపులు చేశారు. రెండు గుంపులకు బెకాప్లెర్మిన్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ మందు (కణాల్ని పెరిగేలా చేసే ప్రొటీన్) వేర్వేరు మోతాదుల్లో కలిపిన జెల్ ఇచ్చారు. మూడో గుంపుకు మందు లేని ఉత్త జెల్ ఇచ్చారు. 20 వారాల పాటు గమనించి 1998లో ఫలితాలు ప్రచురించారు. గ్రాముకు 100 మైక్రోగ్రాముల మందు ఉన్న జెల్ రాసుకున్నవాళ్లలో 50 శాతం మందికి పుండు పూర్తిగా మూసుకుంది. ఉత్త జెల్ రాసుకున్నవాళ్లలో 35 శాతం మందికి మూసుకుంది. తక్కువ మోతాదు జెల్‌తో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎక్కువ మోతాదుతో మాత్రం, పుండు మానడానికి పట్టే కాలం 127 రోజుల నుంచి 86 రోజులకు తగ్గింది.

ఈ అంకెల్ని రెండు రకాలుగా చదవొచ్చు. 35 నుంచి 50కి పెరిగింది కాబట్టి మానే అవకాశం 43 శాతం పెరిగిందని చెప్పుకోవచ్చు. లెక్క తప్పు కాదు, మందుల ప్రచారంలో కనిపించేది కూడా ఇలాంటి లెక్కే. రోగి వైపు నుంచి చూస్తే బొమ్మ వేరు. వంద మందిలో 35 మందికి ఆ మందు లేకపోయినా మానేది. ఇంకో 50 మందికి మందు రాసినా ఆ 20 వారాల్లో మానలేదు. మందు వల్ల లాభపడింది మిగిలిన 15 మంది. కాలు పోగొట్టుకునే ప్రమాదం ఉన్న జబ్బులో 15 మంది చిన్న సంఖ్య కాదు. కానీ మొదటి 35 మందికి ఎందుకు మానింది, ఆ 50 మందికి ఎందుకు మానలేదు అన్నవి తేల్చుకోకుండా జెల్ కొనడం దగ్గరే వైద్యం మొదలుపెట్టడం అడ్డదారి.

ఇదేదో కొద్దిమందికి సంబంధించిన సంగతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. షుగర్ ఉన్నవాళ్లలో 19 నుంచి 34 శాతం మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు కాలి పుండు వచ్చే అవకాశం ఉందని అంచనా.

ఎలుక పిల్లల కళ్ల నుంచి ట్యూబులోకి

1950లలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రీటా లెవీ మోంటాల్చినీ, స్టాన్లీ కోహెన్ నరాల పెరుగుదలకు తోడ్పడే ఒక పదార్థం మీద పని చేస్తున్నారు. ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించినప్పుడు, వాళ్లు వెతుకుతున్న పనితో సంబంధం లేని వింత ఒకటి కనిపించింది. పిల్లలు మామూలు కంటే చాలా ముందే కళ్లు తెరిచాయి, పళ్లు కూడా ముందే వచ్చాయి. కోహెన్ ఆ ఆనవాలు పట్టుకుని వెళ్లి, చర్మపు పైపొర కణాల్ని పెరిగేలా చేసే ప్రొటీన్‌ను వేరు చేశాడు. అదే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, పొట్టిగా ఈజీఎఫ్. 53 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. 1986లో ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది.

రెండో దారి రక్తం వైపు నుంచి వచ్చింది. రక్తనాళాలు ఎందుకు పూడుకుపోతాయో తెలుసుకోవాలని పని చేస్తున్న రసెల్ రాస్ బృందం 1974లో ఒక సంగతి చూపించింది. గడ్డకట్టిన రక్తం నుంచి తీసిన సీరం పోస్తే రక్తనాళాల గోడల కణాలు గబగబా పెరుగుతున్నాయి. ప్లేట్‌లెట్లు లేకుండా తీసిన ద్రవం పోస్తే పెరగడం లేదు. అంటే గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు ఏదో వదులుతున్నాయి. దానికి ప్లేట్‌లెట్ డిరైవ్డ్ గ్రోత్ ఫ్యాక్టర్ అని పేరొచ్చింది, పొట్టిగా పీడీజీఎఫ్. గుండెజబ్బుకు కారణం వెతుకుతూ పోయినవాళ్లకు పుండ్ల మందు దొరికిందన్న మాట.

ఈ ప్రొటీన్‌ను రక్తం నుంచి తీస్తే ఏ మూలకూ సరిపోదు. అందుకని దాని జన్యువును రొట్టె పిండి పొంగించే ఈస్ట్‌లో పెట్టి ఫ్యాక్టరీలో తయారు చేశారు. అదే బెకాప్లెర్మిన్. 1997 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని రెగ్రానెక్స్ పేరుతో అనుమతించింది. అనుమతిలో షరతులు స్పష్టంగా ఉన్నాయి: పాదం మీదో కాలి మీదో షుగర్ నరాల దెబ్బ వల్ల వచ్చిన పుండు అయి ఉండాలి, చర్మం కింది పొర దాకా దిగి ఉండాలి, ఆ భాగానికి రక్తం సరిగా అందుతూ ఉండాలి, పుండుకు చేయాల్సిన మామూలు వైద్యానికి తోడుగా మాత్రమే వాడాలి. కింది వివరాల్లో చాలా భాగం ఈ చివరి షరతు చుట్టూనే తిరుగుతుంది.

పుండు ఎక్కడ ఆగిపోతుంది

మామూలు మనిషికి దెబ్బ తగిలితే ముందు రక్తం గడ్డకడుతుంది. ప్లేట్‌లెట్లు పీడీజీఎఫ్‌తో పాటు మరికొన్ని సంకేతాలు వదులుతాయి. వాటిని పట్టుకుని తెల్ల రక్తకణాలు వచ్చి మురికినీ క్రిములనూ తినేస్తాయి. తర్వాత ఫైబ్రోబ్లాస్టులనే కణాలు చేరి కొత్త కండ అల్లుతాయి, సన్నటి రక్తనాళాలు మొలుస్తాయి. పుండు అడుగున ఎర్రగా గింజలు గింజలుగా కనబడేది ఇదే. చివరికి అంచుల నుంచి చర్మపు కణాలు పాక్కుంటూ వచ్చి పైన కప్పేస్తాయి.

షుగర్ పుండు రెండో దశ దగ్గరే ఇరుక్కుపోతుంది. వాపు తగ్గదు. తెల్లకణాలు వదిలే ఎంజైములు, ముఖ్యంగా మ్యాట్రిక్స్ మెటలోప్రొటీనేజులు అనేవి, అవసరానికి మించి పోగుపడతాయి. పాత కండను కోసి దారి చేయడం వాటి పని. ఎక్కువైతే కొత్తగా అల్లుకుంటున్న కండనూ, ఒంట్లో సహజంగా ఉన్న గ్రోత్ ఫ్యాక్టర్లనూ కూడా ముక్కలు చేసేస్తాయి. రక్తంలో ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్న చక్కెర, చర్మానికి బలమిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుని దాన్ని బిరుసెక్కిస్తుంది. పుండు అంచుల్లో ఉన్న ఫైబ్రోబ్లాస్టులు ముసలివైపోయి, సంకేతం వచ్చినా కదలవు. పైన క్రిములు పాకుడులా పొర కట్టి ఉంటాయి.

బయటి నుంచి గ్రోత్ ఫ్యాక్టర్ అందిస్తే ఈ ముడి వీడుతుందన్నది వైద్యుల ఆశ. ఆలోచన సబబే. కానీ ఒంట్లో పుట్టిన ప్రొటీన్‌ను కోసేస్తున్న ఎంజైములు ట్యూబులోంచి వచ్చిన ప్రొటీన్‌నూ వదలవు. చీము, చచ్చిన కండ, అంచున ఆనెకాయలా గట్టిపడిన చర్మం అలాగే ఉంచి పైన జెల్ రాస్తే మందు కణాల దాకా చేరకముందే ఖతం అవుతుంది. ఇది ఊహ కాదు. 118 మంది మీద జరిగిన తొలి పీడీజీఎఫ్ అధ్యయనంలో మందు వాడినవాళ్లలో 48 శాతం, వాడనివాళ్లలో 25 శాతం మందికి పుండు మానింది. తర్వాత పరిశోధకులు అవే వివరాల్ని ఆసుపత్రుల వారీగా విడగొట్టి చూశారు. కుళ్లిన కండను తరచూ కోసి శుభ్రం చేసే కేంద్రాల్లో ఎక్కువ పుండ్లు మానాయి. ఆ పని అరుదుగా చేసే కేంద్రాల్లో తక్కువ మానాయి. సర్జన్ చేతిలో కత్తి ఎంత క్రమంగా కదిలితే జెల్ అంత పని చేసినట్టుంది.

రెగ్రానెక్స్ పెట్టెలో వచ్చే కాగితం మీద ఇంకో అధ్యయనం సంగతి కూడా ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 250 మందిలో సగం మందికి మంచి పుండు వైద్యంతో పాటు జెల్, మిగతా సగం మందికి మంచి పుండు వైద్యం మాత్రమే ఇచ్చారు. జెల్ వాడిన చోట 36 శాతం, వాడని చోట 32 శాతం మందికి మానింది. గణాంకాల ప్రకారం అది తేడానే కాదు. ఒకే మందు, ఒకే మోతాదు, రెండు అధ్యయనాలు, రెండు రకాల ఫలితాలు. వైద్య అధ్యయనాల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2015 సమీక్ష 28 అధ్యయనాలను, 2,365 మంది రోగులను, 11 రకాల గ్రోత్ ఫ్యాక్టర్లను కలిపి చూసింది. పుండు పూర్తిగా మానే అవకాశం మొత్తం మీద ఒకటిన్నర రెట్లు కనిపించింది. అయితే అధ్యయనాల్లో చాలా వాటి నాణ్యత తక్కువ, పక్షపాతం చొరబడే సందులు ఎక్కువ అని కూడా ఆ సమీక్షే చెప్పింది.

వేలూరు నుంచి వెళ్లిన కట్టు

జెల్ గురించి మాట్లాడేటప్పుడు పక్కన పెట్టి చూడాల్సిన వైద్యం ఒకటుంది. దాని మూలాలు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చాడు. కుష్ఠు రోగుల పాదాలు పుండ్లు పడి అరిగిపోవడానికి వాళ్ల కండలోనే ఏదో లోపం ఉందని అప్పట్లో అనుకునేవాళ్లు. కండలో లోపం లేదని, నొప్పి తెలియకపోవడమే అసలు కారణమని బ్రాండ్ గ్రహించాడు. నొప్పి తెలిసినవాడు కుంటుతాడు, కాలు మార్చి వేస్తాడు. తెలియనివాడు అదే చోట అదే బరువు వేలసార్లు వేస్తాడు. కాబట్టి పుండు మీద పడే బరువు తీసేస్తే అదే మానుతుంది. పాదానికీ పిక్కకూ అతుక్కునేలా వేసే ప్లాస్టర్ కట్టు, టోటల్ కాంటాక్ట్ కాస్ట్, ఆ పని చేస్తుంది. అంతకుముందే 1930లలో కుష్ఠు పుండ్లకు ప్లాస్టర్ కట్టు వేసినవాళ్లున్నారు. బ్రాండ్ 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాక అదే పద్ధతి అక్కడి షుగర్ రోగులకూ చేరింది.

2001లో వచ్చిన ఒక అధ్యయనం 63 మంది షుగర్ రోగులకు మూడు పద్ధతుల్లో బరువు తప్పించి చూసింది. ప్లాస్టర్ కట్టు వేసినవాళ్లలో 12 వారాలకు 89.5 శాతం మందికి పుండు మానింది. కావాలంటే విప్పుకోగలిగే బూటు ఇచ్చినవాళ్లలో 65 శాతం, ముందు భాగం మీద బరువు పడని సగం చెప్పు ఇచ్చినవాళ్లలో 58.3 శాతం. జెల్ అధ్యయనం అంకెల పక్కన వీటిని నేరుగా పెట్టి పోల్చడం న్యాయం కాదు, పుండ్ల సైజు వేరు, రోగుల ఎంపిక వేరు. అయినా 12 వారాల్లో దాదాపు 90 శాతం ఎక్కడ, 20 వారాల్లో 50 శాతం ఎక్కడ అనిపించక మానదు.

విప్పుకోగలిగే బూటుకూ విప్పలేని కట్టుకూ అంత తేడా ఎందుకు వచ్చింది? రోగుల నడకను యంత్రాలతో కొలిచిన ఇంకో అధ్యయనం జవాబు చెప్పింది. బూటు ఇచ్చినవాళ్లు రోజు మొత్తం వేసిన అడుగుల్లో 28 శాతం మాత్రమే బూటుతో వేశారు. మిగతావన్నీ బూటు పక్కన పెట్టి వేసినవే. అమెరికాలోనే ఇలా ఉంటే, గడప దగ్గర చెప్పులు విడిచి ఇంట్లో వట్టికాళ్లతో తిరిగే మన ఇళ్లలో పరిస్థితి వేరే చెప్పాలా? బాత్రూమ్‌కీ వంటింటికీ మధ్య నాలుగడుగులే కదా అనుకుంటారు. పూజగదిలోకి బూటుతో వెళ్లమంటే ఎవరూ వెళ్లరు. ఎండాకాలం గుడి ప్రాంగణంలో కాలిన బండ మీద నడిచి, కాళ్లు కాలిన సంగతి కూడా తెలియక, సాయంత్రం బొబ్బలు చూసుకునేవాళ్లు ఉంటారు. బరువు తప్పించకుండా రాసిన జెల్ మీద ప్రతి అడుగూ తొక్కుతూనే ఉంటుంది.

ప్లాస్టర్ కట్టు అందరికీ పనికిరాదు. చీము పట్టిన పుండుకూ, రక్తప్రసరణ బాగా తగ్గిన కాలికీ వేయరు. వేయడం తెలిసినవాళ్లు కావాలి, వారం వారం మార్చాలి. సరిగా వేయకపోతే కట్టే కొత్త పుండు తెస్తుంది. చిన్న క్లినిక్‌లలో అది కనిపించకపోవడానికి ఇవన్నీ కారణాలే. జెల్ రాయడానికి చీటీ చాలు, కట్టు వేయడానికి చెయ్యి తిరిగి ఉండాలి.

హవానా సూది, హైదరాబాద్ ట్యూబు

ట్యూబులోని మందును ఎంజైములు తినేస్తున్నాయన్న ఇబ్బందికి క్యూబా శాస్త్రవేత్తలు ఇంకో దారి వెతికారు. హవానాలోని జెనెటిక్ ఇంజినీరింగ్, బయోటెక్నాలజీ కేంద్రం తయారు చేసిన హెబెర్‌ప్రాట్-పీలో ఉండేది ఈజీఎఫ్. దాన్ని పైన రాయరు. సూదితో పుండు అంచుల్లోకీ అడుగుకీ నేరుగా ఎక్కిస్తారు. 75 మైక్రోగ్రాముల చొప్పున వారానికి మూడుసార్లు, ఎనిమిది వారాల దాకా. 2006లో క్యూబా అనుమతించింది. తర్వాత లాటిన్ అమెరికా మొదలుకుని అనేక దేశాలకు వెళ్లింది. కాలు తీసేయాల్సి వస్తుందేమో అన్నంత ముదిరిన, లోతైన పుండ్లకు వాడటం దీని ప్రత్యేకత. సూది గుచ్చిన చోట నొప్పి, వణుకు, చలి వంటివి దీనితో వచ్చే ఇబ్బందులు.

క్యూబా బృందం 149 మందితో చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. ఫలితం సూదికే అనుకూలం. అయితే అందులో ప్రధానంగా కొలిచింది పుండు పూర్తిగా మానిందా లేదా అని కాదు. రెండు వారాల్లో పుండులో కనీసం సగం మేర కొత్త కండ నిండిందా అని. కొత్త కండ రావడం మంచి సూచనే, కానీ రోగికి కావాల్సింది మూసుకున్న పాదం. రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది. ఈ మందు మీద ఉన్న అధ్యయనాల్లో ఎక్కువ భాగం తయారీ దేశంలోనే జరిగాయి. క్యూబా మీద అమెరికా ఆంక్షల వల్ల బయటి పెద్ద అధ్యయనాలు ఆలస్యమయ్యాయి. పుండు వైద్యానికి రాజకీయం అడ్డురావడం విచారకరమే, కానీ అడ్డు వచ్చింది కాబట్టి ఆధారాలు బలపడిపోయాయని అనుకోలేం.

మన వైపు చూస్తే, షామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో ఉన్న భారత్ బయోటెక్‌ను కోవాగ్జిన్‌తో అందరూ గుర్తుపట్టారు. ఆ కంపెనీ అంతకు చాలా ఏళ్ల ముందే ఈజీఎఫ్ జెల్ తయారు చేసింది. రీజెన్-డి 150 అంటే గ్రాముకు 150 మైక్రోగ్రాముల ఈజీఎఫ్. చెన్నై రాయపురంలోని షుగర్ ఆసుపత్రి వైద్యులతో సహా దేశంలోని నిపుణులు చేసిన మూడో దశ పరీక్ష ఫలితాలు 2006లో అనుకూలంగా వచ్చాయి. హైదరాబాద్‌కే చెందిన డాక్టర్ రెడ్డీస్ బెకాప్లెర్మిన్ జెల్‌ను ప్లెర్మిన్ పేరుతో మన మార్కెట్‌లోకి తెచ్చింది. అంటే ఈ మందులు మనకు దూరదేశపు వింతలు కావు. జపాన్‌లో ఇంకో రకం గ్రోత్ ఫ్యాక్టర్ ఎఫ్‌జీఎఫ్‌ను స్ప్రేగా 2001 నుంచి వాడుతున్నారు, దక్షిణ కొరియాలో ఈజీఎఫ్ స్ప్రే ఉంది. ఇక్కడే తయారవడం వల్ల ఖర్చు లెక్క మనకు కొంత మారుతుంది. ఆధారాల లెక్క మాత్రం మారదు.

సొంత రక్తం నుంచి తీసేవి

ఫ్యాక్టరీ ప్రొటీన్ ఒక్కటే ఎందుకు, రోగి రక్తంలోని ప్లేట్‌లెట్లనే చిక్కబరిచి పుండు మీద పెడితే అన్ని రకాల గ్రోత్ ఫ్యాక్టర్లూ ఒకేసారి అందుతాయి కదా? జుట్టు రాలడం ఆపడానికి వాడే పీఆర్‌పీ (ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న రక్తద్రవం) వెనుక ఉన్న తర్కమే ఇది. చిక్కు తయారీలో ఉంది. ఒక క్లినిక్‌లో తిప్పి తీసిన పీఆర్‌పీలో ప్లేట్‌లెట్లు ఎన్ని ఉంటాయో, పక్క క్లినిక్‌లో తీసిన దాంట్లో అన్నే ఉంటాయని చెప్పలేం. అందుకే ఒక చోట వచ్చిన ఫలితం ఇంకో చోటికి వర్తించదు.

ఈ చిక్కును దాటిన పద్ధతి ల్యూకోప్యాచ్. రోగి నుంచి 18 మిల్లీలీటర్ల రక్తం తీసి ప్రత్యేకమైన గొట్టంలో తిప్పితే తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టినప్పుడు ఏర్పడే ఫైబ్రిన్ పోగులు మూడూ కలిసిన చిన్న బిళ్ల తయారవుతుంది. బయటి నుంచి ఏ రసాయనమూ కలపరు. వారానికోసారి పుండు మీద పెడతారు. బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్‌లలోని 32 క్లినిక్‌లలో జరిగిన అధ్యయనం 2018లో వచ్చింది. 20 వారాలకు బిళ్ల పెట్టినవాళ్లలో 34 శాతం, పెట్టనివాళ్లలో 22 శాతం మందికి మానింది. అంకెలు చూడటానికి చప్పగా ఉన్నా దీని విలువ ఎక్కువ. ఎందుకంటే ముందు నాలుగు వారాలు మంచి వైద్యం చేసి, అప్పటికీ పుండు సగానికి తగ్గనివాళ్లనే తీసుకున్నారు. తేలిగ్గా మానే పుండ్లు లెక్కలోకి రానేలేదు. మానిందో లేదో నిర్ధారించినవాళ్లకు ఎవరికి ఏ వైద్యం జరిగిందో తెలియదు.

పాదం వైద్యానికి అంతర్జాతీయంగా మార్గదర్శకాలు ఇచ్చే ఐడబ్ల్యూజీడీఎఫ్ 2023లో గ్రోత్ ఫ్యాక్టర్లను మామూలుగా వాడొద్దనే చెప్పింది. మంచి వైద్యం చేసినా మానని చోట, వనరులు ఉంటే, ఈ బిళ్లను ఆలోచించవచ్చంది. "వాడొద్దు" అన్న మాటను "పనిచేయదు" అని చదవడం పొరపాటు. ఉన్న ఆధారాల బలానికీ పెట్టాల్సిన ఖర్చుకూ పొంతన కుదరలేదన్నదే దాని అర్థం.

క్యాన్సర్ భయం

కణాల్ని పెంచే మందు క్యాన్సర్ కణాల్నీ పెంచదా? అనుమానం సహజమే. పైగా కోతుల్లో క్యాన్సర్ తెచ్చే ఒక వైరస్‌లోని జన్యువుకూ పీడీజీఎఫ్ జన్యువుకూ దగ్గరి పోలిక ఉందని 1983లోనే తేలింది. 2008లో ఎఫ్‌డీఏ రెగ్రానెక్స్ మందు కాగితం మీద నల్ల గీతల పెట్టె కట్టి హెచ్చరిక వేయించింది. మూడు, అంతకు మించి ట్యూబులు వాడినవాళ్లలో క్యాన్సర్ మరణాలు ఎక్కువగా కనిపించాయన్నది కారణం. ఆ లెక్క తేలింది కొద్ది మరణాల మీదే. తర్వాతి పరిశీలనల్లో ఆ భయం బలపడలేదు, 2018 డిసెంబరులో ఆ పెట్టె హెచ్చరికను తీసేశారు. జెల్ రాసే చోట క్యాన్సర్ ఉంటే మాత్రం వాడకూడదన్న నిషేధం అలాగే ఉంది. నెలల తరబడి మానని పుండు అసలు షుగర్ పుండేనా, చర్మ క్యాన్సరా అన్న అనుమానం వస్తే ముక్క తీసి పరీక్ష చేయించాలనడానికి ఇదొక అదనపు కారణం.

ఎవరికి, ఎప్పుడు

జెల్ ఆలోచన రావడానికి ముందు తేలాల్సినవి ఉన్నాయి. మొదటిది రక్తప్రసరణ. చీలమండ దగ్గర బీపీ కొలిచి చేతి బీపీతో పోల్చే పరీక్ష షుగర్ రోగుల్లో మోసం చేయొచ్చు, రక్తనాళాల గోడల్లో సున్నం పేరుకుని అంకె బాగున్నట్టు చూపిస్తుంది. అందుకే అవసరమైతే కాలి బొటనవేలి దగ్గర ఒత్తిడి కొలుస్తారు, రక్తం పారే తీరు చూసే డాప్లర్ పరీక్ష చేస్తారు. రక్తం అందని కాలికి ముందు రక్తనాళం తెరిపించాలి. అక్కడ జెల్ రాస్తూ గడిపిన ప్రతి వారం కాలు కోల్పోయే వైపు వేసిన అడుగు. రెండోది ఇన్ఫెక్షన్. డాక్టరు పుండులోకి పెట్టిన మొద్దు లోహపు పుల్ల ఎముకకు తగిలితే ఎముకకు కూడా క్రిములు పాకి ఉండొచ్చు. మూడోది, చచ్చిన కండ తీసేయడం, బరువు తప్పించడం.

ఇవన్నీ చేశాక నాలుగు వారాలు ఆగి పుండును కొలవాలి. నాలుగు వారాల్లో విస్తీర్ణం సగానికి తగ్గితే అది తనంతట తానే మానే దారిలో ఉన్నట్టు. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో అలా తగ్గినవాళ్లలో 58 శాతం మందికి 12 వారాలకు మానింది, తగ్గనివాళ్లలో 9 శాతం మందికే మానింది. రక్తం బాగా అందుతూ, ఇన్ఫెక్షన్ లేకుండా, బరువు తప్పించినా ఈ రెండో గుంపులో మిగిలినవాళ్లే గ్రోత్ ఫ్యాక్టర్ ఖర్చుకు తగిన అభ్యర్థులు. మొదటి రోజే చీటీలో జెల్ రాస్తే, ఎలాగూ మానేవాళ్ల జేబు ఖాళీ అవుతుంది, పేరు మాత్రం జెల్‌కు వస్తుంది.

వాడకం సంగతి కొస్తే, బెకాప్లెర్మిన్ ఫ్రిజ్‌లో ఉండాలి, గడ్డకట్టకూడదు. రోజుకోసారి పలచగా రాసి సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డ కప్పాలి. 12 గంటల తర్వాత కడిగేసి, మిగతా 12 గంటలు జెల్ లేకుండా తడి గుడ్డ మాత్రమే. 15 గ్రాముల ట్యూబుకు లెక్క ఇది: పుండు పొడవును వెడల్పుతో గుణించి నాలుగుతో భాగిస్తే ఎన్ని సెంటీమీటర్ల జెల్ పిండాలో వస్తుంది. నాలుగు సెంటీమీటర్ల పొడవు, రెండు సెంటీమీటర్ల వెడల్పు పుండుకు రెండు సెంటీమీటర్ల జెల్ చాలు. ఎక్కువ రాస్తే త్వరగా మానదు. పుండు తగ్గేకొద్దీ వారానికో రెండు వారాలకో లెక్క మళ్లీ వేయాలి. 10 వారాలకు పుండు 30 శాతం కూడా తగ్గకపోయినా, 20 వారాలకు పూర్తిగా మానకపోయినా, కొనసాగించాలా వద్దా అని డాక్టరు మళ్లీ ఆలోచించాలని మందు కాగితమే చెబుతుంది. ఇంట్లో అలవాటుగా హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురుగు చూసి సంతోషపడటం, దాని మీదే ఖరీదైన జెల్ రాయడం చాలా చోట్ల జరుగుతుంది. పెరాక్సైడ్ కొత్త కండ కణాల్నీ చంపుతుంది.

పుండు మూసుకున్నాక ఏమవుతుందన్న ప్రశ్నకు కూడా ఆ కాగితంలోనే జవాబుంది. అధ్యయనాలు ముగిశాక మూడు నెలల పాటు, నివారణకు ప్రత్యేక ఏర్పాటేమీ లేకుండా, రోగుల్ని గమనించారు. జెల్‌తో మానినవాళ్లలోనూ, జెల్ లేకుండా మానినవాళ్లలోనూ దాదాపు 30 శాతం మందికి పుండు మళ్లీ వచ్చింది.